ప్రోటీన్ పెంచితే గుడ్లు ఎందుకు తగ్గాయి? కౌజు పిట్టల మేత వెనుక లెక్క

ఏప్రిల్ చివర్లో విశాఖ దగ్గరి సబ్బవరం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అతని షెడ్డులో 500 కౌజు పెట్టలున్నాయి. రోజూ 400కు తగ్గకుండా వచ్చే గుడ్లు పది రోజుల్లో 325కు దిగిపోయాయట. "బావా, మేతలో ప్రోటీన్ ఇరవై శాతం దాటించినా గుడ్లు తగ్గిపోనాయి, ఏటి సేసీది?" అన్నాడు.

మాట్లాడగా తేలిందేమిటంటే, మొక్కజొన్న ధర చూసి భయపడి, కొంత మొక్కజొన్న తీసేసి నూనె తీసిన తవుడు కలిపాడు. అతనొక్కడే కాదు. పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసం మొక్కజొన్న పెద్ద ఎత్తున డిస్టిలరీలకు పోవడం 2023-24 నుంచి బాగా పెరిగింది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి విశాఖ షెడ్లకు వచ్చే గింజ మీద ఇప్పుడు కోళ్లవాళ్లకూ డిస్టిలరీలకూ పోటీ. ధర కదిలినప్పుడల్లా చిన్న రైతు మేత ఫార్ములా మారుస్తాడు. మార్చేటప్పుడు చూసేది మాత్రం ఒకే అంకె, ప్రోటీన్ శాతం. ఎందుకంటే బస్తా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది అదే.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. పిట్టకు శాతం తెలియదు. దాని కడుపులోకి వెళ్లేవి గ్రాములు.

చిన్న పిట్ట, పెద్ద గుడ్డు

మన దగ్గర పెంచేది జపనీస్ క్వెయిల్. 1974లో అమెరికా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రానికి తెచ్చారు. తర్వాత దేశమంతా పాకింది. తెలుగులో పేరు దగ్గర చిన్న గందరగోళం ఉంది. పాత నిఘంటువుల్లో కౌజు అంటే వేరే పక్షి, క్వెయిల్‌కు దగ్గరగా ఉండే మాట పూరేడు. కానీ పెంపకందారులందరూ కౌజు అనే అంటున్నారు కాబట్టి మనమూ అదే అందాం.

పెట్ట బరువు 180 గ్రాముల చుట్టూ ఉంటుంది. ఆరేడు వారాలకు గుడ్డు మొదలుపెడుతుంది. గుడ్డు బరువు 11 గ్రాముల దరిదాపు, అంటే ఒంటి బరువులో 6 శాతం. ఒకటిన్నర కిలోల లేయర్ కోడి (గుడ్ల కోసం పెంచేది) 57 గ్రాముల గుడ్డు పెడితే అది 4 శాతం కూడా కాదు. తిండి కూడా అంతే. కోడి రోజుకు 110 గ్రాములు తింటే దాని బరువులో 7 శాతం. కౌజు 27 గ్రాములు తింటే 15 శాతం.

కోడి మేత కౌజుకు పెడితే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. జవాబు ఈ అంకెల్లోనే ఉంది, కాస్త కింద లెక్క కట్టి చూద్దాం.

ఎనర్జీ అంటే బస్తాలో ఉన్నదంతా కాదు

మొక్కజొన్నను మంటలో వేసి కాలిస్తే వచ్చే వేడి మొత్తం శక్తి. పిట్ట తిన్నప్పుడు అందులో కొంత అరగక రెట్టలో పోతుంది. పక్షులకు మూత్రం విడిగా రాదు, రెట్ట మీద కనిపించే తెల్లటి పూత అదే. దానితో కూడా కొంత శక్తి పోతుంది. ఈ రెండూ తీసేయగా ఒంటికి పనికొచ్చేదాన్ని మెటబాలిజబుల్ ఎనర్జీ అంటారు. మేతల వాళ్లు ఎనర్జీ అని మాట్లాడేది దీని గురించే. కొలత, కిలో మేతకు ఇన్ని కిలో కేలరీలు అని.

కిలో మొక్కజొన్నలో ఇది దాదాపు 3350. నూనెలో 8800. సోయా చెక్కలో, అంటే సోయా నుంచి నూనె తీయగా మిగిలినదానిలో, 2300 అటూ ఇటూ. నూనె తీసిన తవుడులో ఇంకా తక్కువ, రకాన్ని బట్టి బాగా మారుతుంది. మన లెక్కకు 1500 అనుకుందాం. పొట్టు ఎక్కువ కలిస్తే అంత కూడా ఉండదు.

మేత నమూనా ల్యాబ్‌కు పంపితే ప్రోటీన్, పీచు, బూడిద, తేమ శాతాలు తేలిగ్గా వస్తాయి. ఎనర్జీని నేరుగా కొలవాలంటే పక్షులకు తినిపించి రెట్టలు పోగుచేయాలి. అందుకే రైతు చేతికి వచ్చే కాగితంలో ఎనర్జీ ఉంటే అది అంచనా మాత్రమే, చాలాసార్లు అసలు ఉండదు. కనిపించే అంకె చుట్టూ చర్చ తిరగడం, కనిపించనిది మరుగున పడటం ఈ వ్యాపారంలో మామూలే.

శాతం ఒకటే, గ్రాములు వేరు

అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో పక్షుల పోషణ అవసరాల పట్టికలు ప్రచురించింది. గుడ్లు పెట్టే జపనీస్ క్వెయిల్‌కు అందులో ఇచ్చిన అంకెలు ఇవి: కిలోకు 2900 కిలో కేలరీలు, ప్రోటీన్ 20 శాతం, కాల్షియం 2.5 శాతం. పిల్లలకైతే అదే ఎనర్జీ, 24 శాతం ప్రోటీన్. ఇప్పటికీ చాలామంది మొదట చూసేది ఈ పట్టికనే.

ఈ మేతను పెట్ట రోజుకు 26 గ్రాములు తింటే 75 కిలో కేలరీలు, 5.2 గ్రాముల ప్రోటీన్ అందుతాయి. ఒక గుడ్డులో ఉండేది సుమారు 16 కిలో కేలరీలు, 1.3 గ్రాముల ప్రోటీన్. మిగతాది ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి, తిరగడానికి, ఈకలకు, అరుగుదలకు.

పక్షులు మొదట తినేది శక్తి కోసం. రోజుకు కావలసిన కేలరీలు అందాక మేత తొట్టి వదిలి పక్కకు పోతాయి. ఇది గట్టి సూత్రమేమీ కాదు, రుచిగా ఉంటే కాస్త ఎక్కువే తింటాయి. కానీ మొత్తం మీద పోకడ ఇదే. దీన్ని పట్టుకుని లెక్క వేస్తే తమాషా కనిపిస్తుంది.

మేతలో ఎనర్జీ 2900 ఉంటే 75 కిలో కేలరీల కోసం 26 గ్రాములు తినాలి. 20 శాతం ప్రోటీన్ మీద 5.2 గ్రాములు.

ఎనర్జీ 2600 ఉంటే 29 గ్రాములు తినాలి. ఇప్పుడు 18 శాతం ప్రోటీన్ ఉన్నా అందేది 5.2 గ్రాములే.

ఎనర్జీ 3100కు పెంచితే 24 గ్రాములతో ఆకలి తీరిపోతుంది. ప్రోటీన్ 20 శాతమే ఉంచితే అందేది 4.8 గ్రాములు.

అంటే 18 శాతం మేత, 20 శాతం మేత ఒకే పని చేయొచ్చు. 20 శాతం మేతలు రెండు, రెండు రకాలుగా పనిచేయొచ్చు. అందుకే పోషణ నిపుణులు ఒక్కో ప్రోటీన్ శాతానికి ఎన్ని కిలో కేలరీలు పడుతున్నాయో చూస్తారు. 2900ను 20తో భాగిస్తే 145, 2600ను 18తో భాగిస్తే 144. నిష్పత్తి కలిసింది కాబట్టే గ్రాములూ కలిశాయి.

ఇప్పుడు కోడి మేత సంగతి. లేయర్ కోళ్ల మేతలో మామూలుగా 16, 17 శాతం ప్రోటీన్, 2550 ప్రాంతంలో ఎనర్జీ ఉంటాయి. కౌజు దాన్ని 29 గ్రాములు తిన్నా 16.5 శాతం మీద 4.8 గ్రాముల ప్రోటీనే. పెట్ట చావదు, గుడ్లూ ఆగిపోవు. గుడ్డు చిన్నదవుతుంది, తర్వాత మెల్లగా సంఖ్య కూడా దిగుతుంది. మాంసం కోళ్ల పిల్లలకు పెట్టే బ్రాయిలర్ స్టార్టర్ మేత వేసేవాళ్లూ ఉన్నారు. అందులో ప్రోటీన్ దండిగా ఉంటుంది, కాల్షియం మాత్రం 1 శాతం దగ్గరే. పిల్లలకు బాగానే నడుస్తుంది, గుడ్లు పెట్టే పెట్టకు పెంకు పల్చబడిపోతుంది.

తవుడు కలిపాక ఏమైందో 100 కిలోల మీద చూద్దాం

బావమరిది పాత మేత ఇది. మొక్కజొన్న 55 కిలోలు, సోయా చెక్క 30, నూనె తీసిన తవుడు 5, నూనె 2, కాల్షియం కోసం గుల్లల పొడి 6, ఖనిజాలు విటమిన్లు కలిసి 2.

ఎనర్జీ లెక్క: మొక్కజొన్న నుంచి 1842, సోయా నుంచి 690, తవుడు నుంచి 75, నూనె నుంచి 176. కలిపితే కిలోకు 2780. ప్రోటీన్ మొక్కజొన్న నుంచి 4.9, సోయా నుంచి 13.5, తవుడు నుంచి 0.8, మొత్తం 19.2 శాతం.

కొత్త మేతలో 15 కిలోల మొక్కజొన్న తీసి 15 కిలోల తవుడు వేశాడు. మొక్కజొన్నలో ప్రోటీన్ 9 శాతం, తవుడులో 15. కాబట్టి ప్రోటీన్ 20.1కి పెరిగింది. "ఇరవై దాటించాను" అన్నది అబద్ధం కాదు. కానీ ఎనర్జీ 2780 నుంచి 2500కు జారింది.

పాత మేత 27 గ్రాములు తింటే 75 కిలో కేలరీలు వచ్చేవి. కొత్తది 30 గ్రాములు తినాలి. చల్లటి రోజుల్లో తినేదేమో. 180 గ్రాముల పిట్ట, ఏప్రిల్ ఎండ, పైగా పీచు ఎక్కువై ఉబ్బే మేత. మరుసటి వారం తొట్లలో మిగిలింది తూచమంటే తూచాడు. పెట్టకు 24 గ్రాములే పోతోంది. అంటే 60 కిలో కేలరీలు. లోటు 15.

గుడ్డులో ఉండే శక్తి 16 అని పైన అనుకున్నాం. లోటు అచ్చంగా ఒక గుడ్డంత ఉంది. ఒళ్లు ఇంత పొందికగా లెక్క పాటించదు, పెట్ట ముందు కొవ్వు కరిగిస్తుంది, కొన్ని రోజులు నెట్టుకొస్తుంది, తర్వాత ఒకరోజు విడిచి ఒకరోజు పెడుతుంది. అయినా దిశ అదే.

ప్రోటీన్ కూడా 24 గ్రాముల మీద 4.8కే వచ్చింది, పాత మేతలో అందిన 5.2 కన్నా తక్కువ. అదీ పూర్తిగా గుడ్డుకు దక్కదు. శక్తి చాలనప్పుడు ఒళ్లు ప్రోటీన్‌ను విరగ్గొట్టి పొయ్యిలో కట్టెలా వాడుకుంటుంది. టేకు దుంగ కొని వంటచెరుకు చేసినట్టు.

మరి ఖర్చు ఆదా అయిందా? ధరలు ఊహించి చూద్దాం. పాత మేత కిలో 36 రూపాయలు, కొత్తది 33 అనుకుంటే, 500 పెట్టలు కడుపునిండా తింటే పాతది 13.5 కిలోలు, 486 రూపాయలు. కొత్తది 15 కిలోలు, 495 రూపాయలు. కిలో ధర తగ్గింది, రోజు ఖర్చు పెరిగింది.

అలాగని తవుడు పనికిరానిదని కాదు. నూకలు చౌకగా దొరికితే, కాస్త నూనె కలిపి ఎనర్జీ నిలబెడితే, అదే తవుడుతో మంచి మేత కుదురుతుంది. ఇథనాల్ పరిశ్రమ నుంచే వచ్చే డీడీజీఎస్, అంటే ఇథనాల్ తీశాక మిగిలే ఎండబెట్టిన గింజ పిప్పి, సంగతీ అంతే. ప్రోటీన్ బాగానే ఉంటుంది. కానీ గింజలోని పిండి పదార్థం ఆల్కహాల్ కింద వెళ్లిపోగా మిగిలింది కాబట్టి, గింజలో బూజు విషాలుంటే అవి ఇందులో చిక్కబడతాయి. తేమ గాలి ఆడే మన తీరంలో ఇది చిన్న విషయం కాదు.

"ప్రోటీన్" అనే ఒక్క మాట కింద దాగినవి

ల్యాబ్ చెప్పేది క్రూడ్ ప్రోటీన్. నిజానికి వాళ్లు కొలిచేది నత్రజని. దాన్ని 6.25తో గుణించి ప్రోటీన్ అంటారు. యూరియాలోనూ నత్రజని ఉంటుంది. చేపల పొడిలోనో చెక్కలోనో ఎవరైనా యూరియా కలిపితే కాగితం మీద ప్రోటీన్ అమాంతం పెరుగుతుంది, పిట్టకు దక్కేది సున్నా. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే ఎండు చేపలు చూసి మురిసిపోయేవాళ్లు వాటితో వచ్చే ఉప్పును, ఇసుకను కూడా లెక్కలోకి తీసుకోవాల్సి ఉంటుంది.

అసలైన ప్రోటీన్ అయినా, ఒంటికి కావలసింది దానిలోని అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ కట్టుబడిలోని ఇటుకలు. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. ఇంట్లో పప్పు ఒక్క గ్లాసే ఉంటే బస్తా రవ్వ ఉన్నా ఇడ్లీలు పెరగవు. మొక్కజొన్న, సోయా మేతలో ఆ మినప్పప్పు మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం. మొదట కొరత పడేది అదే.

పైన చెప్పిన పాత మేతలో మిథియోనిన్ సుమారు 0.3 శాతం వస్తుంది. 1994 పట్టిక ప్రకారం కావలసింది 0.45. తేడా 0.15 శాతం, అంటే 100 కిలోలకు 150 గ్రాముల మిథియోనిన్ పొడి. ఇది వేయకుండా అదే లోటు సోయాతో పూడ్చాలంటే 100 కిలోల మేతకు పాతిక కిలోల అదనపు సోయా కావాలి. మిగతా అమైనో ఆమ్లాలన్నీ అవసరానికి మించిపోతాయి. మించినవి యూరిక్ ఆమ్లంగా రెట్టలోకి వెళ్తాయి, వాటిని బయటకు పంపడానికీ శక్తి ఖర్చవుతుంది, షెడ్డులో అమ్మోనియా ఘాటు పెరుగుతుంది. ఉదయం షెడ్డు తలుపు తీయగానే కళ్లు మండితే, రెట్టల తేమతో పాటు ప్రోటీన్ దండగ కూడా ఒక కారణం కావచ్చు.

20 శాతమా, 18 శాతమా?

ఈ పేచీ పరిశోధకుల్లోనూ ఉంది. ఒక పక్షం 20 శాతానికి తగ్గొద్దంటుంది. కౌజు గుడ్డు ఒంటికి మించి పెద్దది, తిండి కొద్దిది, కాబట్టి మేత చిక్కగా ఉండాలని వాళ్ల వాదన. ఆరేడు వారాల పెట్ట గుడ్డు మొదలుపెట్టినా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ దశలో ఈ వాదనకు బలం ఎక్కువ. 22 దాకా వెళ్లేవాళ్లు గుడ్డు బరువును చూపిస్తారు. అది నిజమే, ప్రోటీన్ పెరిగితే ముందు స్పందించేది గుడ్డు పరిమాణం. సంఖ్య మాత్రం కొంత మేర దాటాక పెద్దగా కదలదు.

రెండో పక్షం 18 శాతం చాలు, మిథియోనిన్, లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం విడిగా కలపండి అంటుంది. ఖర్చు తక్కువ, అమ్మోనియా తక్కువ, వేడి తక్కువ. వీళ్లను ఒప్పుకోనివాళ్లు అడిగేది, ఆ రెండూ కలిపాక తర్వాత కొరత పడే అమైనో ఆమ్లం సంగతేమిటని. న్యాయమైన ప్రశ్నే. 16 వైపు దిగేకొద్దీ ఆ ప్రశ్న గట్టిపడుతుంది.

ఎనర్జీ దగ్గర కూడా ఇలాగే. 2900 ఉంటే తక్కువ మేతతో పని జరుగుతుంది, కానీ ప్రోటీన్‌ను దానితో పాటు పెంచకపోతే పెట్ట కడుపు కింద కొవ్వు పట్టి గుడ్డు తగ్గుతుంది. 2600 చాలంటే చౌక సరుకులు వాడొచ్చు, కానీ పిట్ట అంత ఎక్కువ తినగలగాలి.

ఫలితాలు ఒకదానికొకటి ఎందుకు కలవవు? కొందరు గుడ్ల రకం పిట్టలతో చేశారు, కొందరు మాంసం రకంతో. చలిదేశంలో నియంత్రించిన గదిలో తేలింది రేకుల షెడ్డులో అలాగే ఉండదు. పైగా కౌజులు ముక్కుతో మేతను ఎగజిమ్ముతాయి. తొట్టి నుంచి పోయినదంతా తిన్నట్టు రాసుకుంటే ప్రతి అంకె తప్పే. నాకైతే 1994 పట్టికను గీటురాయిలా కాకుండా బయల్దేరే చోటులా చూడటమే సబబుగా అనిపిస్తుంది.

మే నెలలో లెక్క మారిపోతుంది

విశాఖ ఎండ రాయలసీమ ఎండ కాదు. ఉష్ణోగ్రత 36 డిగ్రీల దగ్గరే ఆగినా ఉక్కపోత చంపేస్తుంది. పక్షికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ తేమను ఆవిరి చేసుకుని చల్లబడుతుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే ఆ ఆవిరీ సరిగా పోదు. దాంతో పెట్ట తిండి తగ్గించుకుంటుంది, ఎందుకంటే తిండి అరగడమూ వేడి పుట్టించేదే.

ఇక్కడ రెండు సలహాలు ఎదురెదురుగా నిలబడతాయి. తిండి తగ్గింది కాబట్టి ప్రోటీన్ శాతం పెంచి చిక్కగా ఇవ్వాలని ఒకటి. అరిగేటప్పుడు ఎక్కువ వేడి పుట్టించేది ప్రోటీనే, తక్కువ పుట్టించేది నూనె, కాబట్టి ప్రోటీన్ కాస్త తగ్గించి అమైనో ఆమ్లాలు విడిగా ఇచ్చి, ఎనర్జీలో కొంత నూనె రూపంలో పెట్టాలని రెండోది. పైకి తగాదాలా ఉన్నా రెండూ కోరేది ఒకటే, తినే ఆ కొద్ది గ్రాముల్లో మిథియోనిన్, లైసిన్ తగ్గకూడదని. మన ఉక్కలో రెండో దారికే నేను మొగ్గుతాను.

ఇంకో సంగతి. రొప్పినప్పుడు ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది. పెంకు తయారీకి దాని నుంచే కార్బొనేట్ రావాలి. అందుకే మే నెలలో మేతలో కాల్షియం సరిపడా ఉన్నా పెంకు పల్చబడుతుంది. గుల్లల పొడి అమ్మినవాడిని తిట్టుకోవడం మామూలే.

మేత తప్పు కానివి

వెలుతురు రోజుకు 14 నుంచి 16 గంటలు లేకపోతే ఏ ఫార్ములా పనిచేయదు. కరెంటు కోతతో సాయంత్రం బల్బు ఆరిపోయే షెడ్డులో ప్రోటీన్ గురించి మాట్లాడటం దండగ. నీళ్లు వేడెక్కినా తిండి తగ్గుతుంది. కౌజులు ఎక్కువగా గుడ్డు పెట్టేది మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం దాకా, అంటే షెడ్డు మరిగిపోయే వేళకే.

మేత మార్చిన మర్నాడే ఫలితం వెతకడమూ పొరపాటే. కౌజు గుడ్డులో పచ్చసొన నిండటానికి అయిదారు రోజులు పడుతుంది. ఈరోజు వచ్చే గుడ్డు, పోయిన వారం తిన్న మేత ఫలితం.

బావమరిది పాత మేతకు తిరిగి వెళ్లాడు, 150 గ్రాముల మిథియోనిన్ కొత్తగా కలిపాడు, మేత వేసే వేళను తెల్లవారుజాముకు జరిపాడు. ఎనిమిదో రోజుకు గుడ్లు 380 దాటాయి. అయితే సరిగ్గా అయిదో రోజున సబ్బవరంలో గాలివాన పడి షెడ్డు చల్లబడింది. మొక్కజొన్న మహిమేనని అతనంటాడు. కాదు, వాన పడబట్టేనని వాళ్లావిడ. ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. వచ్చే ఏప్రిల్‌లో సగం షెడ్డుకు ఒక మేత, సగానికి ఇంకోటి పెట్టి చూడమన్నాను. మధ్యలో తడిక కట్టడం ఎవరి పని అన్న దగ్గర ఇప్పుడు వాదన నడుస్తోంది.